గంటకు మూడు కూతలు

నవ్వాలనుకునేవాళ్లు ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో నవ్వితే మాత్రం నేను చెప్పడం ఆపేస్తాను. ఇది ఎవరో చెబితే విన్నది కాదు, ఫోన్‌లో చూసింది కాదు. నాకు జరిగింది. మా అమ్మ బైబిల్ తెచ్చి నా ముందు పెట్టి, "చెయ్యి వెట్టి చెప్పు బిడ్డా" అంది. పెట్టాను. చెప్పాను. ఆమె నమ్మింది. మీ ఇష్టం మీది.

నా పేరు సామేలు. మాది చేవెళ్ల పక్క ఊరు. ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ చదివాను. మొయినాబాద్ మండలంలో, ఎంకపల్లి దాటాక ఒక గడ్డి రన్‌వే ఉంది. చిన్న విమానాలు నడిపే క్లబ్బు అది. ఐదు విమానాలు, ఒక రేకుల షెడ్డు, గాలి ఎటు వీస్తోందో చూపే ఒక గుడ్డ గొట్టం. ఆ విమానాల రేడియోలూ వైర్లూ చూసుకోవడం నా పని. వారంలో మూడు రాత్రులు ఆ షెడ్డులోనే పడుకుంటాను.

ముందు మీకు ఒక పెట్టె గురించి చెప్పాలి. అది అర్థం కాకపోతే మిగతాది అర్థం కాదు. ప్రతి విమానంలో వెనక సీటు వెనకాల ఒక నారింజ రంగు పెట్టె ఉంటుంది. ఎమర్జెన్సీ లొకేటర్ అంటారు. విమానం కూలితే ఆ కుదుపుకు దానంతట అదే ఆన్ అయి, రేడియోలో అరవడం మొదలుపెడుతుంది. పియూవ్... పియూవ్... పియూవ్... పైనుంచి కిందికి జారే కూత. ఆపేదాకా ఆగదు. మా క్లబ్బులో ఉన్నవి పాత రకం. ఒకప్పుడు ఆ కూతను శాటిలైట్లు వినేవి. ఇప్పుడు వినవు, మానేసి చాలా ఏళ్లయింది. పక్కన ఎవరైనా రేడియో పెట్టుకుని కూర్చుంటే వినాలి, లేకపోతే లేదు. కొత్త రకం పెట్టెలు వచ్చాయి. వాటిని శాటిలైట్లు వింటాయి. పడింది ఏ విమానమో, ఎక్కడ పడిందో కూడా చెబుతాయి.

ఇంకొక్క ముక్క. పెట్టె పనిచేస్తోందో లేదో అప్పుడప్పుడూ చూసుకోవాలి కదా. దానికి మాకో పద్ధతి ఉంది. గంట కొట్టాక మొదటి ఐదు నిమిషాల్లోనే పరీక్ష చేయాలి. మూడు కూతలకు మించకూడదు. అప్పుడు విన్నవాడు ఎవరో పరీక్ష చేస్తున్నారని అనుకుని ఊరుకుంటాడు, నిజంగా ప్రమాదమని కంగారు పడడు. పైలట్లు పరీక్ష చేసేటప్పుడు నేను పక్కనే నిలబడి లెక్కపెడతాను. ఒకటి, రెండు, మూడు. "చాలు" అంటాను. నా ఉద్యోగంలో నేను పైలట్ల మీద అధికారం చేసేది ఆ ఒక్క మాటలోనే.

ఆ రోజు ఆదివారం. వానలు వెనకపట్టాయి. మధ్యాహ్నం షెడ్డులో మీటింగు పెట్టారు. పాత పెట్టెలు తీసేసి కొత్తవి పెట్టాలా వద్దా అని. పెట్టాలన్నది ఒక్కరే, ఫర్హానా మేడం. మా క్లబ్బులో ఎగరడం నేర్పే ఆవిడ. మిగతావాళ్లందరూ ఒక వైపు. వాళ్లకు పెద్ద కెప్టెన్ వర్మగారు. రిటైరై వచ్చిన మనిషి.

"ముప్పై ఏళ్లు ఎగిరానమ్మా," అన్నాడాయన. "ఆ పెట్టె అరవాల్సినప్పుడు అరవగా ఒక్కసారి కూడా చూడలేదు. అరవకూడనప్పుడు అరవడం మాత్రం నెలనెలా చూస్తున్నా. కాస్త గట్టిగా ల్యాండ్ అయితే చాలు, మొదలెడుతుంది. కొత్తది అరిస్తే ఏకంగా ఢిల్లీ దాకా లేస్తారు. ఆ తలనొప్పి మనకెందుకు?"

"ఆ తలనొప్పి కోసమే కద సార్ అది పెట్టుకునేది," అంది మేడం.

అప్పుడు సేటు లేచాడు. శ్రీకాంత్ సేటు. చేవెళ్లలో వాళ్ల తాతల నాటి హార్డ్‌వేర్ దుకాణం. మేకులు, తీగలు, బకెట్లు... చిన్నప్పటి నుంచి నేను అక్కడే కొన్నాను. నలభై దాటాక విమానం నడపడం నేర్చుకుని, సొంతంగా ఒకటి కొనుక్కున్నాడు. రెండు సీట్లు, ముందొకటి వెనకొకటి. నేను కౌంటర్ ముందు చెయ్యి చాపి నిలబడ్డ పిల్లాడిని ఆయనకు. ఇప్పటికీ అంతే.

"నేను వడితే మొయినాబాద్ మొత్తం ఉరికొచ్చి వీడియో తీస్తది," అన్నాడు. "ఇగ శాటిలైట్‌తోని ఏం పని?"

అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. ఎందుకంటే నాకొక సంగతి తెలుసు. గట్టిగా దిగినప్పుడల్లా పెట్టె అరుస్తోందని, కొంతమంది దాని స్విచ్ ఆఫ్‌లో పెట్టి, అది కదలకుండా నల్ల టేపు చుట్టేస్తున్నారు. నేను చూసేరోజు మాత్రం తీసేస్తారు. జిగురు మరక ఎక్కడికి పోతుంది.

"టేపు చుట్టుడు బంద్ జెయ్యిండ్రి సేటూ," అన్నాను. "కొత్తదైనా పాతదైనా, నోరు మూస్తే ఎట్ల అరుస్తది?"

సేటు ముఖం ఎర్రబడింది.

"నువ్వు మెకానిక్‌వా, పోలీసోనివా?" అన్నాడు. "నట్టు బిగియ్యమంటే నట్టు బిగియ్యి. నా బండిల నేనేం జేస్తే నీకేందిరా?"

నేను ఊరుకుని ఉండాల్సింది. ఊరుకోలేదు.

"పడ్డనాడు తెలుస్తది," అన్నాను.

ఆ మాట అన్నాను. నా నోటితోనే అన్నాను. దాచడం లేదు.

సేటు కుర్చీ తన్నేసి బయటికి నడిచాడు. వీడున్న చోట నా బండి ఉండదు అన్నాడు. కొండకల్ వైపు తన దోస్తుకు ఇంకో రన్‌వే ఉందని, ఇప్పుడే అక్కడికి తీసుకెళ్లి పెట్టుకుంటానని అన్నాడు. ఐదుంపావుకు లేచాడు. ఒక్కడే. పది నిమిషాల ప్రయాణం. నేను షెడ్డు గుమ్మంలో నిలబడి చూశాను. పీడ పోయిందనుకున్నాను.

ఆరు దాటేసరికి అందరూ వెళ్లిపోయారు. నేనొక్కడినే మిగిలాను. దూరంగా ఏదో ఫామ్‌హౌస్‌లో డీజే మొదలైంది. ఆదివారం రాత్రులు మొయినాబాద్ అంతా ఇంతే, పెళ్లిళ్లో పుట్టినరోజులో ఏదో ఒకటి. పటాకులు కూడా కాలుస్తున్నారు. నేను స్టవ్ మీద అన్నం పెట్టుకుని, టేబుల్ మీది రేడియో ఆన్ చేశాను. ఆపద కూతలు వినపడే ఫ్రీక్వెన్సీలోనే ఉంచుతాను దాన్ని. అలవాటు.

ఏడు అయింది. సరిగ్గా ఏడూ రెండు.

పియూవ్... పియూవ్... పియూవ్.

ఆగిపోయింది.

మూడు కూతలూ కలిపి ఒక సెకను. అంతే. నాకు నవ్వొచ్చింది. సేటు అక్కడ దిగి, నాకు వినిపించేలా పరీక్ష చేస్తున్నాడు అనుకున్నాను. చూశావా, నా పెట్టె పనిచేస్తోంది, టేపు లేదు అని. గంట కొట్టాక మొదటి ఐదు నిమిషాల్లో, మూడంటే మూడే. ఇంకేమనుకుంటాను చెప్పండి. మా పనిలో ఉన్నవాడు ఎవడైనా అదే అనుకుంటాడు.

ఎనిమిదీ రెండు. మళ్లీ... పియూవ్... పియూవ్... పియూవ్.

ఈసారి నవ్వు రాలేదు. కోపం వచ్చింది. ఒకసారి వెక్కిరిస్తే సరే. రెండోసారి ఏమిటి? ఫోన్ చేశాను. మోగింది, మోగింది, ఎత్తలేదు. కావాలనే ఎత్తడం లేదనుకున్నాను. నీ ఆట నాతో కాదు అని రేడియో కట్టేశాను. స్విచ్ గట్టిగా నొక్కాను, వేలు నొప్పెట్టేలా. అన్నం తిన్నాను. హాయిగా తిన్నాను.

తొమ్మిదీ పదికి ఫోన్ మోగింది. సేటు భార్య, అనసూయమ్మ.

"అన్నా, మా ఆయన ఎల్లిండా ఆడికెల్లి? ఫోన్ ఎత్తుతలేడు."

"ఐదుంపావుకే ఎల్లిండమ్మా. కొండకల్ దిక్కు పోయిండు. దోస్తు కాడ ఉండొచ్చు, ఫికర్ జెయ్యకుండ్రి," అన్నాను.

"ఆయన దోస్తుకు చేసిన అన్నా. బండి రానే రాలేదంటున్నడు."

ఇటు వాళ్లేమో అటు వెళ్లాడనుకున్నారు. అటు వాళ్లకు వస్తున్నట్టే తెలియదు. నాలుగు గంటలు... ఒక మనిషి లేడని ఎవరికీ తెలియలేదు. తెలియాల్సింది నాకు. రెండుసార్లు విన్నాను. రేడియో వైపు చూశాను. దాని లైటు ఆరిపోయి ఉంది. నేనే ఆర్పాను.

ఆన్ చేశాను. తొమ్మిదీ పన్నెండు. ఏమీ లేదు. ఉత్త హోరు.

వర్మగారికి ఫోన్ చేశాను. "సామ్యూల్, నువ్వు అనవసరంగా పానిక్ చేస్తున్నావ్," అన్నాడు. "వాడు ఏదో ఫామ్‌హౌస్ పక్కన దించి పార్టీలో ఉంటాడు. ఇప్పుడు నువ్వు పోలీసులకు ఫోన్ చేసి, తెల్లారి వాడు నవ్వుతూ వస్తే క్లబ్బు మూసేస్తారు. పడుకో."

"మూడు కూతలు విన్న సార్. ఏడింటికోసారి, ఎనిమిదింటికోసారి."

"మూడు కూతలంటే టెస్టు. కూలిన విమానం గడియారం చూసుకుని అరుస్తుందా?"

ఫోన్ పెట్టేసి ఫర్హానా మేడంకు చేశాను. ఆమె సిటీలో ఉంది. ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. "పోలీసులకు, పైవాళ్లకు నేను చెప్త. నేను బయల్దేరుతున్న. నువ్వు చేతి రేడియో తీస్కొని పో భాయ్," అంది.

చేతి రేడియోతో వెతకడానికి ఒక ఉపాయం ఉంది. రేడియోను రొమ్ముకు ఆనించి పట్టుకోవాలి. మన ఒళ్లే అడ్డుగోడ. మెల్లగా చుట్టూ తిరగాలి. కూత ఎక్కడ సన్నబడితే, పెట్టె సరిగ్గా మన వీపు వెనకాల ఉన్నట్టు. ఎదురుగా కాదు. వెనకాల. మామూలుగా అయితే కూత ఆగకుండా వస్తుంది, తిరుగుతూ వినొచ్చు. నాకున్నది గంటకు ఒక్క సెకను. ఒక దిక్కు ఎంచుకుని, దానికి వీపు పెట్టి నిలబడాలి. తప్పితే ఇంకో గంట.

పదింటికి రోడ్డు మీద బండి ఆపి, హిమాయత్‌సాగర్ చెరువు వైపు వీపు పెట్టాను. సేటు ఎప్పుడూ చెరువు మీద ఒక చుట్టు కొట్టేవాడు. పదీ రెండు... పియూవ్, పియూవ్, పియూవ్. గట్టిగా, స్పష్టంగా. అంటే చెరువు వైపు లేడు. నేను చూస్తున్న వైపే, దొంతన్‌పల్లి వైపు ఎక్కడో ఉన్నాడు.

ఆ గంట ఎలా గడిచిందో చెప్పలేను. అన్నీ ఫామ్‌హౌస్ గోడలు. పది అడుగుల గోడలు, వాటి మీద గాజు పెంకులు. ప్రతి గేటు దగ్గరా ఆపాను. ప్రతి గేటు దగ్గరా తిట్టారు. ఒకచోట కుక్కను వదిలారు. ఒకచోట తాగినవాడు చొక్కా పట్టుకుని, "డ్రోన్ గిట్ల ఎగిరేస్తున్నవారా, వీడియోలు తీస్తున్నవా?" అని రేడియో లాక్కోబోయాడు. విమానం పడిందన్నా అంటే పగలబడి నవ్వాడు. వాడి వెనకాల పటాకులు పేలుతున్నాయి. సాయంత్రం విమానం పడిన చప్పుడు వీళ్లు విని ఉంటారు. విని పటాకులనుకున్నారు. అంతే జరిగి ఉంటుంది.

పదకొండింటికి వీపు శంకర్‌పల్లి వైపు పెట్టాను. కూత వచ్చింది... చీమ పాకినంత సన్నగా. వీపు వెనకాలే ఉన్నాడు. తిరిగి చూశాను. చీకటి, సర్కారు తుమ్మలు, ప్లాట్లు చేసి వదిలేసిన ఒక పెద్ద జాగా. చుట్టూ ప్రహరీ. గేటుకు తాళం.

గేటు పక్క చిన్న గదిలోంచి వాచ్‌మన్ వచ్చాడు. ముసలాయన. పేరు యాదయ్య అని తరువాత తెలిసింది. టార్చి నా ముఖం మీద వేసి, కర్ర ఎత్తాడు.

"మళ్లొచ్చినవా?" అన్నాడు.

"మళ్ల ఏంది తాతా? నేను ఇప్పుడే వచ్చిన."

"నాకు కండ్లు కనవడవనుకుంటున్నవా? పొద్దుగూకంగ నేను డ్యూటీకి ఎక్కంగనే గోడ దుంకి లోపల తిరిగినవ్. గా చేతిల డబ్బాతోనే. పొమ్మంటే ఉలుకు లేదు, పలుకు లేదు. గప్పుడే పోలీసులకు ఫోన్ జేద్దునా అనుకున్న."

ముసలాయన పొరబడ్డాడు అనుకున్నాను. ఆ సమయానికి నేను షెడ్డులో బియ్యం కడుగుతున్నాను. వాదించే ఓపిక లేదు. కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. లోపల మనిషి చచ్చిపోతున్నాడు తాతా అన్నాను. నా ముఖంలో ఏం చూశాడో, తాళం తీశాడు. "అబద్ధమైతే బొక్కలిరుగుతయ్" అని మాత్రం అన్నాడు.

పెద్ద జాగా. నడుములోతు గడ్డి. ఇద్దరం టార్చి వేసుకుని అటూ ఇటూ వెతికాం. పిలిచాం. గోడ అవతల నుంచి డీజే దరువు. ఏమీ కనపడలేదు. పన్నెండు కావస్తోంది. యాదయ్యను కుడివైపు గోడ వెంట వెతకమని పంపి, నేను జాగా మధ్యలో ఆగాను. రేడియో యాంటెన్నా విప్పేశాను. యాంటెన్నా లేకుండా కూడా వినపడిందంటే, పెట్టె బాగా దగ్గర ఉన్నట్టు. టార్చి ఆర్పేశాను, గడియారం ముల్లు ఒక్కటే చూడాలని. పచ్చటి ముల్లు.

పన్నెండు... పన్నెండూ ఒకటి...

ఇక్కడ జర ఆగనివ్వండి.

డీజే ఆగిపోయింది. పాట మారడానికి ఆపారో, కరెంటు పోయిందో. కీచురాళ్లు కూడా ఆగాయి. నా ఊపిరి నాకు వినపడుతోంది. గడ్డి తడిగా ఉంది, చెప్పుల్లోకి నీళ్లు దిగుతున్నాయి. పెట్రోలు వాసన. అప్పుడే తెలిసింది ఆ వాసన. సన్నగా, తియ్యగా. దగ్గరున్నాడు. చాలా దగ్గరున్నాడు. పెదవులు వాటంతటవే కదిలాయి. ఒకటి...

పియూవ్.

నా అరచేతిలో రేడియో అదిరింది. యాంటెన్నా లేదు దానికి. రెండు... పియూవ్. మూడు... పియూవ్.

"చాలు."

నేను అనలేదు. ఒట్టు పెట్టి చెబుతున్నాను, నేను అనలేదు. నా నోరు మూసుకుని ఉంది. పళ్లు కరిచిపెట్టుకుని ఉన్నాను. పది అడుగుల దూరంలో, చెట్ల మొదట్లోంచి వచ్చింది ఆ మాట. మెల్లగా. విసుగ్గా. పని అయిపోయినవాడు అన్నట్టు. ఆ గొంతు... మన గొంతు రికార్డులో వింటే మనకే కొత్తగా ఉంటుంది కదా. అలా ఉంది.

టార్చి వెలిగించలేకపోయాను. వేలు బటన్ మీదే ఉంది, నొక్కలేకపోయాను. ఎంతసేపో తెలియదు. డీజే మళ్లీ మొదలయ్యాక గాని నా చెయ్యి కదలలేదు.

తుమ్మల మధ్యలో ముక్కు కిందికి పెట్టి ఉంది విమానం. ఒక రెక్క విరిగి గోడకు ఆనుకుంది. సేటు ముందు సీట్లో ఉన్నాడు. కుడికాలు ఇంజను కింద ఇరుక్కుపోయింది. ఫోన్ చేతికి అందకుండా కాళ్ల దగ్గర పడి ఉంది. తల వాలిపోయింది. ముక్కు దగ్గర వేలు పెట్టాను. ఊపిరి ఉంది. అరిచాను. యాదయ్య పరుగెత్తుకొచ్చాడు. ఆయన తువ్వాలతో సేటు తొడకు కట్టు కడుతుంటే నేను ఫోన్ చేశాను, అంబులెన్సుకు, మేడంకు.

తరువాత వెనక సీటు వైపు టార్చి వేశాను. సీటు ఖాళీ. బెల్టు పెట్టి ఉంది. మనిషి లేని సీటుకు బెల్టు ఎందుకు పెడతారు అనుకోకండి, లోపల ఊగకుండా అందరూ పెడతారు. దాని వెనకాల నారింజ పెట్టె. చెక్కు చెదరలేదు.

స్విచ్ ఆఫ్‌లో ఉంది.

దాని మీద నల్ల టేపు. మూడు చుట్లు. బిగువుగా, కొసలు కూడా లేవకుండా. ఆ టేపును ఆ రాత్రి ఎవరూ ముట్టుకోలేదు. ఆఫ్‌లో ఉన్న పెట్టె అరవదు. వైరు తేడా అయినా, బ్యాటరీ తేడా అయినా అరవదు. ఒకవేళ అరిచినా, గంట గంటకూ మూడు లెక్కపెట్టుకుని అరవదు.

అప్పుడు నేనొక పని చేశాను. నా బుద్ధి గడ్డి తిని చేశాను. టేపు పీకేసి, స్విచ్ ఆన్ చేశాను. మెకానిక్ చెయ్యి కదా, ఏదైనా తేడాగా ఉంటే నొక్కి చూస్తుంది. పెట్టె అరవడం మొదలుపెట్టింది. ఆపకుండా, గొంతు చించుకుని. ఆరోగ్యంగా ఉంది పెట్టె. అప్పటిదాకా కొండకల్ వైపు వెతుకుతున్న మేడం, పోలీసులు అరగంటలో వచ్చారు. మేడం చేతి రేడియోలో ఆ కూత మారుమోగుతోంది. వచ్చినవాళ్లందరూ విన్నారు. టేపు ముక్క నా వేలికి అంటుకుంటే విదిలించాను. పెట్టె ఆఫ్‌లో ఉందనడానికి అదొక్కటే రుజువు. తెల్లారి ఆ గడ్డిలో రెండు గంటలు వెతికాను. దొరకలేదు.

సేటు బతికాడు. మోకాలి కింద కాలు తీసేశారు. రెండు మూడు గంటల ముందు తెచ్చి ఉంటే కాలు దక్కేదని డాక్టర్ అన్నాడు. అనసూయమ్మ నా చేతులు పట్టుకుని ఏడ్చింది, దేవుడిలా వచ్చావన్నా అని. నేను చేతులు వెనక్కి తీసుకున్నాను.

పది రోజుల తరువాత సేటు నన్ను దవాఖానకు పిలిపించాడు. భార్యను బయటికి పంపాడు. తలుపు వేయమన్నాడు. ఆ చూపు... నన్ను కాల్చేసే చూపు.

"ఎందుకు జేసినవ్‌రా?" అన్నాడు.

"ఏంది సేటూ?"

"నా ఎనక సీట్ల కూసున్నవ్. చీకటి వడంగనే ఒచ్చి కూసున్నవ్. తల తిప్పనీకి రాలే గని నీ గొంతు నాకు తెల్వదా? ఏడు గొట్టంగనే మూడు కూతలు. 'చాలు' అన్నవ్. జర ఇంకొంచెం సేపు కొట్టురా, ఎవలన్న ఇంటరు అని ఏడ్చిన. రూలు సేటూ, రూలు అన్నవ్. ఎనిమిదికి మల్ల మూడు. గంతే. నా కాలు మండిపోతుంటే గడియారం జూసుకుంట కూసున్నవ్."

"నేను షెడ్డులున్న సేటూ. మా అమ్మ మీద ఒట్టు."

"అబద్ధం."

అడగకూడదని తెలుసు. అయినా అడిగాను. "మరి... తొమ్మిదింటికి?"

"తొమ్మిదింటికి నువ్వు లేవు. లేసి పోయినవ్. చప్పుడు లేదు, మనిషి లేడు. గా గంటనే నేను సచ్చిపోత అనుకున్న. మల్ల పదింటికి ఒచ్చినవ్."

తొమ్మిదింటికి నా రేడియో కట్టేసి ఉంది. ఈ సంగతి నేను అప్పటిదాకా ఎవ్వరికీ చెప్పలేదు. విన్నానని వర్మగారికి చెప్పాను గాని, కోపంతో రేడియో కట్టేశానని... పోలీసులకు చెప్పలేదు, అనసూయమ్మకు చెప్పలేదు. సేటుకు కూడా చెప్పలేకపోయాను. లేచి వచ్చేశాను. నొప్పికి, మందులకు అలా అనిపించి ఉంటుంది అంటారు మీరు. నేనూ రోజుకు పదిసార్లు అదే అనుకుంటాను. మరి యాదయ్య ఏ మందు తాగాడు? ఫర్హానా మేడం తరువాత వాకబు చేసింది. శంషాబాద్‌లో దిగే పెద్ద విమానాలు మా నెత్తి మీదుగానే పోతాయి, వాళ్లూ ఆ ఫ్రీక్వెన్సీ వింటూ ఉంటారు. ఆ రాత్రి కూత విన్నామని ఒక్కరూ చెప్పలేదట. వాళ్లూ పరీక్షే అనుకుని ఊరుకున్నారేమో. నాలాగే. ఏమో.

నెల తరువాత మళ్లీ మీటింగు పెట్టారు. అదే షెడ్డు. సేటు చక్రాల కుర్చీలో వచ్చి ఒక మూల కూర్చున్నాడు. ఫర్హానా మేడం మళ్లీ అడిగింది, ఇప్పుడైనా కొత్తవి పెట్టిద్దామని. ఈసారి ఒప్పుకుంటారని నేననుకున్నాను. కాలు పోయిన మనిషి ఎదురుగా ఉన్నాడు కదా.

వర్మగారు నవ్వుతూ లేచాడు. "పాత పెట్టెనే కదమ్మా మన సేటుని బతికించింది?" అన్నాడు. "పాతది పనికిరాదన్నారు. రాత్రంతా అరిచి అరిచి మనిషిని రప్పించింది. ఇంకేం కావాలి? సామ్యూల్ ఇక్కడే ఉన్నాడు, వినింది వాడే, కనిపెట్టింది వాడే. చెప్పు సామ్యూల్. పెట్టె పనిచేసిందా, లేదా?"

అందరూ నా వైపు తిరిగారు. మేడం కూడా. పనిచేయలేదు సార్, టేపు చుట్టి ఉంది అంటే చాలు. అంటే... మరి నీకు ఎలా వినపడింది అంటారు. ఎప్పుడు వినపడింది అంటారు. ఏడింటికి విన్నవాడివి పన్నెండు దాకా ఏం చేశావంటారు. మూలలో సేటు నన్నే చూస్తున్నాడు. నేనేం చెబుతానో చూస్తున్నాడు.

"పనిచేసింది సార్," అన్నాను.

మేడం తల దించుకుంది. ఐదు నిమిషాల్లో మీటింగు అయిపోయింది. కొత్తవి వద్దని తేలింది. టీలు వచ్చాయి.

అది ఏమిటో నాకు తెలియదు. నా కోపమే లేచి వెళ్లి ఆ సీట్లో కూర్చుందో, సేటును కాపాడాలని వచ్చిందో, ఐదు గంటలు ఏడిపించాలని వచ్చిందో... దయ్యమంటే దయ్యం అనండి, పిచ్చి అంటే పిచ్చి అనండి. ఆ క్లబ్బులో ఇప్పుడు నాలుగు విమానాలు రోజూ ఎగురుతున్నాయి. ఒకటి ఫర్హానా మేడంది. నాలుగింటిలోనూ ఆ పాత పెట్టెలే ఉన్నాయి. అవి అరుస్తాయో లేదో నేను చెప్పలేను. ఆ రాత్రి అరిచింది పెట్టె కాదని మాత్రం నాకు తెలుసు. నాకొక్కడికే తెలుసు.